పెరటి కొట్టము: పనిముట్టు చేతులు మారిన కథ

మరమ్మతు అను మాట తెలుగుగడ్డపై పుట్టినది కాదు. అది అరబ్బీలో పుట్టి, పారసీకమున పెరిగి, ఉర్దూతో కలిసి మన యింటికి వచ్చినది. మేస్త్రీ యను మాటను పోర్చుగీసువారు తెచ్చిరి. మరమేకును బిగించు పేచ్‌కస్, నట్టును త్రిప్పు పానా, రంధ్రము తొలుచు బర్మా హిందుస్థానీ మాటలు. ఫిట్టింగు, వెల్డింగు ఇంగ్లీషు మాటలు. సుత్తి, ఉలి, బాడిస, రంపము, పట్టుకారు, దాగలి, ఆకురాయి, కొలిమి, తిత్తి మాత్రము అనాదిగా మనవి. ఒక సామాన్య గృహస్థుని పనిముట్ల పెట్టెను తెరచి చూచినచో ఇన్ని భాషలును, ఇన్ని కాలములును ఒకదానిపై నొకటి పడియుండును. ఆ పెట్టె గృహస్థుని యింటికి ఎప్పుడు వచ్చినది, ఎట్లు వచ్చినది అను ప్రశ్నయే ఈ ప్రసంగమునకు విషయము.

ఇందులకు బొగ్గుగనుల సీమకంటె మంచి ఉదాహరణము దొరకదు. గోదావరికి ఉత్తరపు గట్టున మంచిర్యాల. అచ్చటినుండి బెల్లంపల్లివైపు పోవు రైలుమార్గమున రవీంద్రఖని, మందమఱ్ఱి స్టేషనులు. ఆ ప్రక్కనే రామకృష్ణాపూరు. నదికి దక్షిణమున రామగుండము, గోదావరిఖని. ఈ ఊళ్లలో గనికార్మికుల క్వార్టర్లు వరుసలు తీరియుండును. క్వార్టరు వెనుక చిన్న పెరడు, పెరటిలో రేకుల కొట్టము, కొట్టములో గోడకు వ్రేలాడు సైకిలు టైర్లు, డబ్బాలలో నట్లు, మేకులు, తీగచుట్టలు – ఇది ఈ సీమలో వింతగాని దృశ్యము. పాశ్చాత్యులు ఇట్టి చోటును గ్యారేజి యందురు. ఆశ్రయమిచ్చి నిలిపియుంచుట యను భావముగల ఫ్రెంచి మాటనుండి అది వచ్చినది; మోటారు బండిని నిలుపుకొను గది యని దాని యర్థము. మన కొట్టములో నిలిచినది తొలుత సైకిలు, తరువాత మోటారు సైకిలు. బండి యేదైనను కొట్టములో జరుగు పని యొక్కటే: చెడిన వస్తువును విప్పుట, కారణము కనుగొనుట, మరల నిలబెట్టుట.

ఈ పని మన పల్లెలలో పూర్వము గృహస్థుని పని కాదు. నాగలి చెడినచో వడ్రంగి, కఱ్ఱు మొద్దువారినచో కమ్మరి. రైతు కఱ్ఱును కొలిమికి తీసికొనిపోవును. తిత్తి ఊదుటకు సాయపడునేమో గాని సుత్తి పట్టడు. అందులకు ప్రతిగా పంట కళ్లమునకు వచ్చినప్పుడు పనివారికి ధాన్యము కొలిచి యిచ్చెడివారు. దానిని మేర యనిరి. హైదరాబాదు సమీపమున శామీర్‌పేటను పరిశీలించి ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన గ్రంథమున ఈ యేర్పాటు సవివరముగా కానవచ్చును. ఇందులో ఒక భద్రత యుండెను: పనివానికి ఏటికి సరిపడు గింజలు, రైతునకు పిలిచిన వేళకు పలుకు పనివాడు. ఒక సంకెలయు నుండెను: కొలిమి విద్య కమ్మరి కొడుకునకే, మగ్గపు విద్య సాలెవాని కొడుకునకే. తెలివియు చేతివాటమును ఎవరియందున్నను, పుట్టుక చూపిన పనిముట్టునే పట్టవలెను.

ఆ విద్య యెంత గొప్పదో మరువరాదు. ఇదే గోదావరికి ఎగువన, నిజామాబాదు ప్రాంతమున, కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చట మూసలలో కరగించి తీసిన ఉక్కు దూరదేశములకు పోయెడిది. వాయ్సీ యను పండితుడు అచ్చటి పనివిధానమును చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఆ యుక్కు కొఱకు పారసీక దేశపు వర్తకులు అంతదూరము వచ్చి, కొలుముల చెంత కూర్చుండి సరకు నేరుకొనెడివారు. డమాస్కసు ఖడ్గములకు ఖ్యాతి తెచ్చినది ఈ తెగకు చెందిన ఉక్కే. అట్టి విద్య నేడు సజీవముగా లేదు. విదేశపు కర్మాగారముల చవుక ఉక్కు వచ్చి బేరము పడిపోయినంతనే, ఆ కొలుముల వారితోనే విద్యయు అంతరించెను. కొద్ది కుటుంబముల చేతులలో మాత్రమే నిలిచిన విద్యకు ఆ చేతులు జారినచో మఱి దిక్కు లేదు. ఈ మాటను మనస్సున నుంచుకొని ముందునకు పోదము.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఒక పొరకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను పొందినది; 1889లో ఇల్లందున తవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1920లలో కాజీపేటనుండి బల్హార్షాకు రైలుమార్గము పడుటతో గోదావరికి ఉత్తరపు సీమ తెరచుకొని, బెల్లంపల్లియందు గనులు వెలసెను. 1945లో నిజాము ప్రభుత్వము కంపెనీని తన వశము చేసికొనెను. 1960లో రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 పాళ్లుగా భాగస్వామ్యము కుదిరెను. ఆ దశాబ్దములలోనే మందమఱ్ఱి, రామకృష్ణాపూరు, గోదావరిఖని గనిపట్టణములుగా పెరిగినవి.

గని యనగానే మనకు పలుగు, పార, తట్ట తోచును. కాని ఏ గనియు యంత్రము లేక ఒక్కదినమైనను నడువదు. ఊరిన నీటిని తోడు పంపు ఆగినచో గని మునుగును. గాలిని ఆడించు పంకా ఆగినచో మనుష్యులను వెంటనే పైకి తీయవలెను. టబ్బులను లాగు ఇనుపత్రాడు తెగినచో ప్రాణములు పోవును. అందుచే బొగ్గు తవ్వువానితో పాటు ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను కావలసి వచ్చిరి. పల్లెలనుండి వచ్చిన పాలేరు, సాలె, గొల్ల, మాదిగ, మాల కుటుంబముల వారి పిల్లలకు పానా పట్టు అవకాశము తొలినాడే సమముగా దొరకినదని చెప్పరాదు. కాని ద్వారము తెరచుకొన్నది. 1950లో భారత ప్రభుత్వము చేతిపనుల శిక్షణ పథకమును ప్రారంభించెను, ఐ.టి.ఐ.లు దాని ఫలమే. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. కొలిమి విద్యకు పుట్టుక కావలసెను, ఐ.టి.ఐ.లో అడిగినది బడి చదువు, పరీక్షలో ఉత్తీర్ణత. ఒక్క తరమున జరిగిన ఈ మార్పు చిన్నది కాదు.

గని మఱియొక సంగతిని నేర్పినది. గనుల చట్టమును అనుసరించి త్రాళ్లను, గొలుసులను, బ్రేకులను నియమితముగా పరీక్షించి పుస్తకమున వ్రాయవలెను. చెడిన పిదప బాగుచేయుట పల్లె పద్ధతి. చెడకముందే చూచుట గని పద్ధతి. షిఫ్టు దిగి యింటికి వచ్చిన ఫిట్టరు ఈ యలవాటును దుస్తులతో పాటు విడిచి రాడు. తలుపు బందు కిఱ్ఱుమనక ముందే నూనె చుక్క, సైకిలు గొలుసు వదులు కాకముందే చక్రమును వెనుకకు లాగుట, కుట్టుమిషనులో నూలు తెగక ముందే సూది మార్పు – ఇవి అతని యింటిలో దినచర్యలు. పెరటి కొట్టమునకు పునాది అచ్చట పడినది.

ఆ కొట్టములో పుట్టిన వస్తువులలో బొగ్గుపొయ్యిని మొదట చెప్పవలెను. ఇంటింట వంటగ్యాసు రాకముందు ఈ పట్టణములలో వంట బొగ్గుపైననే జరిగెడిది. అడుగు చిల్లుపడిన ఇనుపబకెట్టు నీళ్లకు పనికిరాదు, పొయ్యికి పనికివచ్చును. ప్రక్కన, అడుగునకు కొంచెము పైగా, చేయి దూరునంత ద్వారము కోయుదురు. గాలి లోనికి పోవుటకును, బూడిద వెలికి తీయుటకును అదియే త్రోవ. దానికి పైగా ఎదురెదురుగా రంధ్రములు పొడిచి ఇనుపచువ్వలను అడ్డముగా దూర్చుదురు. చువ్వల నడుమ ఎడము ఎక్కువైనచో బొగ్గు జారిపోవును. తక్కువైనచో గాలి యాడక పొయ్యి ఆరిపోవును. పిదప ఇల్లాలి పని: బంకమట్టిలో వరియూక కలిపి లోపల మందముగా మెత్తుట. మట్టి కాలినప్పుడు ఊక మాడిపోయి సన్నని బోలు మిగులును. ఆ బోలువలన వేడి రేకునకు సోకదు, మట్టియు అంతగా పగులదు. బకెట్టు పిడిని మాత్రము తీయరు. పొయ్యిని ఆరుబయట రాజబెట్టి, పొగ తగ్గి, బొగ్గు ఎఱ్ఱబారిన తరువాత పిడి పట్టుకొని లోనికి తెచ్చుకొందురు.

ఇందులో ఇమిడియున్న శాస్త్రము గనిలోనిదే. గాలి ఒక త్రోవను లోనికి వచ్చి మఱియొక త్రోవను వెలికి పోవలెను. రెండింటిలో ఏది మూసినను ముప్పు. మూసిన గదిలో బొగ్గుపొయ్యి నుంచుకొని నిద్రించినవారు మరల లేవకపోవుట అందరు విన్నదే. అప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. గనిలో పని చేసినవానికి ఆ శత్రువును గూర్చి తెలియును గనుక, కిటికీ తెరువుమని అతడు ఇంటివారికి మరి మరి చెప్పును. చేతిపనితో పాటు జాగ్రత్తయు గనినుండి యింటికి వచ్చినదని దీనివలన గ్రహింపవచ్చును.

రెండవది సైకిలు. స్వాతంత్ర్యానంతరము మన దేశపు సైకిలు కర్మాగారములు పెరిగి, సైకిలు కార్మికునకు అందుబాటులోనికి వచ్చెను. ట్యూబును నీళ్లలో ముంచి బుడగ వచ్చు తావును పట్టుట, ఆకురాయితో గరుకుచేసి ముక్క అంటించుట, ఇరుసులోని గుండ్లను కిరసనాయిలులో కడిగి గ్రీజులో కూర్చుట పిల్లలును నేర్చిన పనులు. కాని సైకిలులో ఒక చిక్కు కలదు. లోకములోని మరలన్నియు సాధారణముగా కుడివైపునకు త్రిప్పిన బిగియును. ఎడమకాలి పెడలు మర మాత్రము ఎడమవైపునకు త్రిప్పిన బిగియును. త్రొక్కుచున్న కొలది ఆ వైపున మామూలు మర తనంత తానే వదులగును గనుక చేయువారు ఎదురు మరను పెట్టిరి. ఈ సంగతి యెఱుగనివాడు బలము చూపి మరను చెఱచును; ఎఱిగినవాడు ఒక్క చేతితో విప్పును. వస్తువును ఎందులకట్లు చేసిరో తెలిసికొన్న పిదపనే దానిపై చేయివేయవలెనని సైకిలు నేర్పును.

మూడవది మన రేడియో. 1935లో నిజాము ప్రభుత్వ యాజమాన్యమునకు వచ్చిన దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆ నాళ్లలో రేడియో యింటికి శోభ. లైసెన్సు రుసుము కట్టి, పుస్తకముపై తపాలా ముద్ర వేయించుకొని, మేజాపై అల్లికగుడ్డ కప్పి ఉంచుకొనెడివారు. వాల్వు రేడియోకు జబ్బు చేసినప్పుడు అది తన జబ్బును తానే చెప్పును. పాట వెనుక గుయ్యిమని యెడతెగని రొద వచ్చినచో విద్యుత్తును వడపోయు కండెన్సరు ఎండినదని; దీపము వెలిగియు ధ్వని లేకున్నచో ఏదో వాల్వు గాని, అతుకు గాని చెడినదని. అతుకు వేయుటకు తగరము, సీసము కలిసిన తీగ కావలెను. తగరము 63, సీసము 37 పాళ్లుగా కలిసినచో 183 డిగ్రీల సెంటిగ్రేడునకే అది కరగును; విడివిడిగా ఏ లోహమును అంత తక్కువ వేడికి కరగదు. విద్యుచ్ఛక్తిని ఆపిన తరువాత సయితము ఈ పెట్టెలలో 250 వోల్టుల ప్రాంతపు శక్తి కొంతసేపు నిలిచియుండును. అందుచే పెద్దలు చెప్పు నియమము: ఒక చేయి పనిలో, ఒక చేయి జేబులో. రెండు చేతులు తగిలినచో విద్యుత్తు గుండెగుండా పోవు ప్రమాదము కలదు.

వీనివలన మిగిలిన డబ్బు స్వల్పము. మిగిలిన జ్ఞానము స్వల్పము కాదు. తాను కొన్న వస్తువుయొక్క లోపలిని చూచినవాడు దానికి యజమాని. చూడనివాడు కేవలము వాడుకరి. ఈ యాజమాన్యము ఎంత దూరము తీసికొనిపోగలదో చరిత్ర చెప్పును.

1896 జూన్ 4వ తేది తెల్లవారుజామున డెట్రాయిటు నగరమున, ఒక యింటి వెనుక ఇటుకల కొట్టములో హెన్రీ ఫోర్డు తన తొలి మోటారు బండిని పూర్తిచేసెను. బండి సిద్ధమైన తరువాతనే తలుపు ఇరుకని గమనించి, గొడ్డలితో ద్వారమును పగులగొట్టి బండిని వెలికి తీయవలసివచ్చెను. 1939లో కాలిఫోర్నియా రాష్ట్రపు పాలో ఆల్టోలో హ్యూలెట్, ప్యాకర్డు అను ఇరువురు యువకులు ఇంటి గ్యారేజిలో నెలకొల్పిన సంస్థ తొలి సరకు, ధ్వనితరంగములను పుట్టించు ఆసిలేటరు. రేడియోకు దగ్గఱి చుట్టము.

మనవారికిని ఇట్టి కథ కలదు. కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమున 1893లో తెలుగు మాటాడు రైతుకుటుంబమున జి.డి. నాయుడు జన్మించెను. ఆయనకు బడిచదువు అబ్బలేదు. ఒక తెల్లదొర మోటారు సైకిలును చూచి మనసుపడి, హోటలులో కొలువుచేసి సొమ్ము కూడబెట్టి దానిని కొనెను. కొన్నంతనే ముక్కముక్కగా విప్పి, మరల కూర్చి, యంత్రవిద్యను తనకు తానే నేర్పుకొనెను. 1920లో పొల్లాచ్చి, పళనిల నడుమ ఒక్క బస్సుతో మొదలిడి పెద్ద మోటారు సర్వీసును నిర్మించెను. 1937లో కోయంబత్తూరున విద్యుత్ మోటారు తయారగుటలో ఆయన పాలు కలదు. ఆ నగరము పంపులకును మోటార్లకును పేరొందుటకు వెనుక ఇట్టి చేతులున్నవి.

తెలంగాణముననే ఆలేరువాడు చింతకింది మల్లేశము. పోచంపల్లి తరహా చీరలకు నేతకు ముందు ఆసు పోయవలెను. మేకుల చుట్టు నూలును ఇటునటు త్రిప్పు పని అది. ఒక్క చీరకు చేతిని 9,000 సార్ల ప్రాంతము ఆడింపవలెను. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మికి భుజము నొప్పి. ఆరవ తరగతితో చదువాపిన కొడుకు 1992లో యంత్రము చేయ మొదలుపెట్టి, అప్పుల పాలై, నవ్వులపాలై, నడుమ హైదరాబాదునకు కూలికి పోయి, 1999లో సాధించెను. బాలానగరున ఒక యంత్రపు కదలికను చూచినప్పుడు చిక్కుముడి విడినదట. యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది.

ఫోర్డు రైతుకొడుకు, నాయుడు రైతుకొడుకు, మల్లేశము నేతవారి బిడ్డ. పుట్టుకచే వీరిలో ఎవ్వరును కమ్మరులు కారు. పనిముట్టు పాతగీతను దాటి క్రొత్త చేతికి వచ్చినందున ఆ ఫలములు కలిగినవి. బొగ్గుసీమలోని వేలకొలది పెరటి కొట్టములలో పద్మశ్రీలు పుట్టకపోవచ్చును. కాని పాలేరు మనుమడు మోటారు చుట్ట విప్పి తీగ చుట్టుట, పక్కింటివారు మిక్సీ పట్టుకొని అతని గుమ్మమున నిలుచుట – ఇదియు ఒక చరిత్రయే. శాసనముల కెక్కదు గాని, ఊరి నడవడిని మార్చినది.

ఇక నేటి మాట. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైబడి కార్మికులుండిరి. నేడు నలుబది వేల ప్రాంతము. భూగర్భ గనులు కొన్ని మూతపడగా, ఉపరితల గనులలో పెద్ద యంత్రములు పని చేయుచున్నవి. ఆ యంత్రముల లోపలిది కంప్యూటరునకే తెలియును. ఇంటి వస్తువులును అట్లే మారినవి. మరమేకునకు బదులు జిగురు. విడిభాగమునకు బదులు మొత్తము పలక. బాగుచేయుటకు బదులు క్రొత్తది కొనుమను సలహా. మూతవేసిన పెట్టెలోని విద్య మరల కొద్దిమంది చేతులలోనికే పోవుచున్నది. ఈమారు ఆ కొద్దిమంది కులముగాక కంపెనీలు. కోనసముద్రపు ఉక్కు కథను ఇచ్చట స్మరింపవలెను.

ఈ యాపదను లోకము గుర్తించినది. ఫ్రాన్సు దేశమున 2021 జనవరినుండి కొన్ని వస్తువులపై, అవి ఎంతవరకు మరమ్మతునకు లొంగునో తెలుపు అంకెను ముద్రింపవలెనను నియమము వచ్చెను. మన దేశమున వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించెను; విడిభాగముల వివరములు, మరమ్మతు సమాచారము జనులకు అందవలెనని దాని యుద్దేశము.

చట్టము దారి చూపగలదు. చేతికి పని నేర్పలేదు. ఆ పని యింటిది. పదవీవిరమణ చేసిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఈ పట్టణములలో వీధివీధిని కలరు. వారి కొట్టములో సెలవుదినమున గంటసేపు కూర్చున్న పిల్లవానికి దొరకు చదువు పుస్తకమున దొరకదు. ఆ గంట ఆడపిల్లకును దక్కవలెను. పొయ్యికి మట్టి మెత్తిన చేయి, కుట్టుమిషనుకు నూనె వేసిన చేయి పానాను పట్టలేకపోవు కారణమేదియు లేదు. కులపుగీతను దాటిన పనిముట్టు ఈ గీతవద్ద ఆగుట తగదు. మీ యింట చెడిన వస్తువేదైన మూల పడియున్నచో పారవేయుటకు ముందు, విద్యుత్తు తీగను ఊడదీసి, తెలిసినవారిని ప్రక్కన నుంచుకొని, పిల్లలచేత దానిని విప్పింపుడు. అది బాగుపడకపోయినను చింతలేదు. లోపల ఏమున్నదో వారు చూతురు.